ఆ గదిలో మన గొంతు ఎక్కడ?

పోయిన సుగ్గి రోజుల్లో జరిగిన సంగతి ఇది. కోసిగి పక్క పల్లె నుంచి మన సంఘ సభ్యుడొకాయన, ఆయన భార్య గుంటూరు వైపు మిరప కోతలకు పోయారు. చేనులో ఉండగానే ఆమెకు ఫోన్ వచ్చింది. "ఏమ్మా, మంగళవారం కంతు పడలేదు. మీ గ్రూపులో మిగతావాళ్ల చేత కట్టించుకోమంటావా?" అని. "కూలి దుడ్లు చేతికి రానీ సారూ, కడతాం. యాడికి పోతాం మేము?" అని ఆమె బతిమలాడింది. సాయంత్రానికి ఊళ్లో ఆమె ముసలి అత్త ముందు ఇద్దరు కుర్రోళ్లు వచ్చి కూర్చున్నారు. చీకటి పడినా లేవలేదు. ఇరుగు పొరుగు చూస్తున్నారు. ఆఖరుకి గ్రూపులో ఉన్న ఆడవాళ్లే తలా కొంచెం వేసుకుని, ఆమెను తిట్టుకుంటూ ఆ కంతు కట్టారు.

ఆ కుటుంబం అప్పుల లెక్క తీస్తే మూడు మైక్రో ఫైనాన్సు కంపెనీల కార్డులు బయటపడ్డాయి. ఇవి కాక బ్యాంకులో కుదువ పెట్టిన కమ్మలు, గొలుసు. ఎందుకు తీసుకున్నారమ్మా ఇన్ని అప్పులు అని ఎవరైనా సులభంగా అడగొచ్చు. ఆయన కౌలుకు నాలుగు ఎకరాల పత్తి పెట్టాడు. కౌలు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. 2019 చట్టం అట్లాగే రాశారు. యజమాని సంతకం పెట్టలేదు. కార్డు లేదు కాబట్టి పంట రుణం లేదు. విత్తనాలు, మందులు, కూలీలు మాత్రం కార్డు ఉందా అని అడగవు. ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చి, ఆధార్ జిరాక్సు చూసి, రెండో రోజు డబ్బులు ఖాతాలో వేసేవాడి దగ్గరికి పోక ఇంకెవరి దగ్గరికి పోతారు?

ఈ విషయం మండల సమావేశంలో చర్చకు వచ్చినప్పుడు ఒక పెద్దాయన లేచి ఒకే ప్రశ్న అడిగారు. "ఈ కంపెనీలను 2010లోనే మన రాష్ట్రంలో కట్టడి చేసినాం కదా. చట్టం కూడా చేసిరి. మళ్లీ ఎట్లా వచ్చిరి వీళ్లు? ఎవురు రమ్మనిరి?" సమావేశంలో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. మా దగ్గరా లేదు. ఆ జవాబు వెతుక్కుంటూ పోతే చివరికి ఢిల్లీలో పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం కూర్చునే గది దగ్గర తేలాం. మనలో చాలామంది పేరు కూడా వినని సంఘం అది. దాని గురించి రాయాల్సి వచ్చింది అందుకే.

ముందు పాత కథ. 2006లోనే కృష్ణా జిల్లాలో మైక్రో ఫైనాన్సు సంస్థల వడ్డీలు, వసూళ్ల మీద గొడవ లేచి, జిల్లా యంత్రాంగం వాటి శాఖలు యాభై దాకా మూయించింది. ఆ తర్వాత సద్దుమణిగిందనుకున్నారు. సద్దుమణగలేదు, పెరిగింది. 2010 వేసవి దాటేసరికి ఈ రంగంలో పెద్ద కంపెనీ షేర్ మార్కెట్‌లోకి పోయి వాటాలు అమ్ముకుంది. పేద ఆడవాళ్ల వారం కంతుల మీద ముంబైలో సంపద పుట్టింది. అదే సంవత్సరం మన పల్లెల్లో వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్న వార్తలు పత్రికల్లో వరసగా వచ్చాయి. 2010 అక్టోబరులో రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. తర్వాత అది చట్టమైంది. ఇంటి మీదికి వచ్చి వసూలు చేయరాదు. వారం కంతు కాదు, నెల కంతు. ప్రతి సంస్థా జిల్లాలో నమోదు చేసుకోవాలి. అసలును మించి వడ్డీ గుంజరాదు. బెదిరిస్తే జైలు. లోపాలు లేవని అనం. కంపెనీలు అప్పులివ్వడం ఆపేసినప్పుడు బ్యాంకులు ఆ ఖాళీని నింపలేదు, పల్లెల్లో పాత వడ్డీ వ్యాపారి మళ్లీ కుర్చీ వేసుకున్నాడు. అయినా గుమ్మం ముందు కూర్చునేవాడు మాత్రం లేచిపోయాడు.

కంపెనీలు ఊరుకోలేదు. రాష్ట్రాల చట్టాలు తమకు తగలకుండా కేంద్రం చట్టం కావాలని పట్టుబట్టాయి. 2012 మే నెలలో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభలో మైక్రో ఫైనాన్సు సంస్థల బిల్లు పెట్టింది. అందులో అసలు కీలకం ఏమంటే, రిజర్వు బ్యాంకులో నమోదైన మైక్రో ఫైనాన్సు సంస్థలను రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాల కింద వడ్డీ వ్యాపారులుగా లెక్కించరాదు. అంటే మన 2010 చట్టం కాగితంగా మిగిలిపోతుంది.

ఆ బిల్లు ఆర్థిక స్థాయీ సంఘం ముందుకు పోయింది. అప్పుడు దాని అధ్యక్షుడు యశ్వంత్ సిన్హా. అధికారంలో కాంగ్రెస్, ఆయన బీజేపీ. సంఘంలో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు. 2014 ఫిబ్రవరిలో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. ఈ బిల్లు ఇట్లా పనికిరాదు, విస్తృతంగా సంప్రదించి మళ్లీ ఆలోచించి రండి అని దాని సారాంశం. మరికొన్ని వారాల్లో ఎన్నికలు వచ్చాయి, ఆ లోక్‌సభతోపాటే బిల్లూ చచ్చిపోయింది. రోడ్డు మీద ధర్నా కాదు, రాస్తారోకో కాదు. ముప్పై మంది చిల్లర సభ్యులు ఒక గదిలో కూర్చుని కాగితాలు తిరగేసి ఆపారు.

అయితే ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు ఇక్కడితో అయిపోలేదు. పార్లమెంటు సంఘం వద్దన్నది వేరే దారిన వచ్చింది. 2022 మార్చి 14న రిజర్వు బ్యాంకు మైక్రో ఫైనాన్సు అప్పులకు కొత్త నిబంధనలు విడుదల చేసింది. అంతకుముందు ఈ సంస్థల వడ్డీ మీద ఉన్న పరిమితి తీసేసింది. వడ్డీ ఎంతన్నది కంపెనీ బోర్డే నిర్ణయించుకోవచ్చు, మరీ దారుణంగా ఉండరాదు అంటే చాలట. దారుణం అంటే నూటికి ఎంతో మాత్రం అంకె వేసి చెప్పలేదు. అదే ఏడాది మే నెలలో కేరళ కేసులో సుప్రీంకోర్టు, రిజర్వు బ్యాంకు అదుపులో ఉండే ఫైనాన్సు కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఆధారంగా 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు మన 2010 చట్టం కూడా ఆ కంపెనీలకు వర్తించదంది. 2012 బిల్లు ఏం కోరిందో అది పదేళ్ల తర్వాత దొరికింది. పార్లమెంటులో ఒక్క ఓటు పడలేదు. ఒక్క ఎంపీ చెయ్యెత్తలేదు. కాబట్టి ఎవరు రమ్మన్నారు అంటే, మనం ఓటేసిన వాళ్లెవరూ రమ్మనలేదు. మనం ఓటేసిన వాళ్లు ఒకసారి వద్దన్నారు కూడా.

కోర్టు చట్టంలో ఉన్నదాన్ని బట్టి తీర్పు చెబుతుంది, దాని మీద మాకు పేచీ లేదు. రాష్ట్రానికి అధికారం లేదు, అంతా రిజర్వు బ్యాంకే చూసుకుంటుంది అన్నప్పుడు, ఆ రిజర్వు బ్యాంకును ఎవరు చూసుకోవాలి అన్నదే మా పేచీ. దానికి ఈ దేశంలో ఉన్న జవాబు ఒక్కటే, ఆ స్థాయీ సంఘం. ఏడాదికి ఎన్నిసార్లు కూర్చుంటుందో, ఏం అడుగుతుందో మనకు పట్టకపోతే ఎట్లా?

శాఖల వారీ స్థాయీ సంఘాలు 1993లో పుట్టాయి. మొదట 17, 2004 నుంచి 24. ఆర్థిక సంఘంలో 31 మంది. లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. ఆర్థిక శాఖ బడ్జెట్ పద్దులు వడపోయడం, తన దగ్గరకు పంపిన బిల్లులు పరిశీలించడం, ఏదైనా విషయం ఎత్తుకుని నివేదిక ఇవ్వడం దాని పని. రిజర్వు బ్యాంకు గవర్నరును, ఆర్థిక శాఖ కార్యదర్శులను, సెబీ, బీమా నియంత్రణ సంస్థ, నాబార్డు అధికారులను, బ్యాంకుల అధిపతులను పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టి అడగగలదు. తలుపులు మూసి జరుగుతుంది. అందుకే లోపల పార్టీ కండువాలు కొంచెం పక్కన పెడతారు, టీవీ కెమెరా లేదు కాబట్టి అరుపులు తక్కువ అంటారు. నివేదిక సభలో పెట్టాక అందరికీ దొరుకుతుంది. మన మండలంలో ఒక బ్రాంచి మేనేజరుతో నిలబడి రెండు మాటలు మాట్లాడాలంటే మనకు ఎంతసేపు పడుతుందో అందరికీ తెలుసు. అట్లాంటి మేనేజర్లందరి పై పెద్దను రమ్మని పిలిచే అధికారం ఆ 31 మందికి ఉంది.

పిలిచారు కూడా. పెద్ద నోట్ల రద్దు తర్వాత 2017 జనవరిలో గవర్నర్ ఉర్జిత్ పటేల్‌ను పిలిచి అడిగారు. మనమంతా అప్పటికి రెండు నెలలుగా లైన్లలో ఉన్నాం. ఆదోని యార్డులో పత్తి అమ్మిన డబ్బుకు చెక్కులు పట్టుకుని తిరిగిన రోజులవి. వజ్రాల వ్యాపారి నీరవ్ మోడీ ప్రభుత్వ బ్యాంకును పదమూడు వేల కోట్లకు పైగా ముంచి దేశం దాటిపోయాక, 2018 జూన్‌లో మళ్లీ అదే గవర్నరును అదే గదికి పిలిచారు. ప్రభుత్వ బ్యాంకుల మీద తమకు తగినంత అధికారం లేదని ఆయన జవాబు. కౌలు రైతు లక్ష రూపాయల అప్పు మీద ఉన్న అధికారం వజ్రాల వ్యాపారి వేల కోట్ల మీద లేదన్నమాట! ఆ మాట మన చెవిన పడిందంటే ఆ గదిలో ఎవరో అడగబట్టే.

అగ్రిగోల్డ్ గుర్తుందా? విజయవాడ కేంద్రంగా పెట్టి, ప్లాట్లు, పొలాలు ఆశ చూపి, మన పల్లెల ఏజెంట్ల చేతులతోనే మన చుట్టాల దగ్గర డబ్బులు కట్టించుకున్న సంస్థ. అది మునిగాక ఇది సెబీ కిందికి వస్తుందా, రిజర్వు బ్యాంకు కిందికి వస్తుందా, రాష్ట్రం కిందికి వస్తుందా అని అధికారులు ఒకరి మీదికి ఒకరు నెట్టుకున్నారు. ఇట్లాంటి డిపాజిట్ దందాల మీద ఆర్థిక స్థాయీ సంఘం 2015లో నివేదిక ఇచ్చింది. సందుల్లోంచి జారిపోతున్న ఈ పథకాలకు ప్రత్యేకంగా చట్టం కావాలంది. 2018లో బిల్లు వచ్చింది, మళ్లీ అదే సంఘం చూసింది, 2019లో అనుమతి లేని డిపాజిట్ల నిషేధ చట్టం అయింది. సంఘం చెప్పినప్పటి నుంచి నాలుగేళ్లు పట్టింది. ఆలస్యమే. కానీ మొదట ఆ మాట అన్నది మంత్రి కాదు, సంఘం.

2017లో ఎఫ్.ఆర్.డి.ఐ. బిల్లు అని ఒకటి వచ్చింది. బ్యాంకు దివాలా తీస్తే డిపాజిటర్ల డబ్బులోంచి కూడా సర్దుబాటు చేసుకునే వీలు అందులో ఉంది. అది నేరుగా ఓటింగుకు పోలేదు. పార్లమెంటు సంయుక్త సంఘానికి పోయింది. అది వేరే సంఘమే అయినా పని అట్లాంటిదే. ఆ ఏడాది సమయం దొరకబట్టే బ్యాంకు ఉద్యోగుల సంఘాలు ఊరూరా చెప్పగలిగాయి, జనం గగ్గోలు పెట్టారు. 2018 ఆగస్టులో ప్రభుత్వం ఆ బిల్లును వెనక్కి తీసుకుంది. సంఘానికి పంపడం అంటే ఏమిటో ఇక్కడ తెలుస్తుంది. జనానికి కొంత టైము దొరకడం. అప్పుడు ఆ ఒక్క ఏడాదే మన డిపాజిట్లను కాపాడింది.

ఆ టైము ఇవ్వకపోతే ఏమవుతుందో 2020లో చూశాం. మూడు వ్యవసాయ చట్టాలను ఏ సంఘానికీ పంపలేదు. వాటిలో రెండింటిని సెప్టెంబర్ 20న రాజ్యసభలో మూజువాణి ఓటుతో గట్టెక్కించారు. సంఘం గదిలో నాలుగు నెలలు కూర్చుని తేల్చాల్సిన దాన్ని రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో చలిలో, ఎండలో ఏడాది పైన కూర్చుని తేల్చారు. వందల మంది ఆ రోడ్ల మీదే పోయారు. 2021 నవంబర్ 29న అదే పార్లమెంటు వాటిని రద్దు చేసింది. రద్దు మీద కూడా చర్చ లేదు.

ఇది ఒక్కసారి జరిగిన పొరపాటు కాదు. 15వ లోక్‌సభలో నూటికి 71 బిల్లులు సంఘాల పరిశీలనకు పోయాయి. 17వ లోక్‌సభకు వచ్చేసరికి అది నూటికి 16. ఇంకొకటి గమనించండి. 2009 నుంచి 2019 దాకా ఆర్థిక సంఘానికి ప్రతిపక్షం వాళ్లే అధ్యక్షులు. వాళ్లలో యశ్వంత్ సిన్హా, ఆయన తర్వాత వీరప్ప మొయిలీ ఉన్నారు. 2019 నుంచి ఆ కుర్చీ అధికార పార్టీ చేతికి పోయింది. జయంత్ సిన్హా, ఇప్పుడు భర్తృహరి మహతాబ్. వాళ్లు సమర్థులు కాదని మేము అనడం లేదు. ఇంటి యజమాని కొడుకునే కాపలా పెట్టుకుంటే దొంగతనం బయటివాడు చేస్తే తెలుస్తుంది, ఇంట్లోవాడు చేస్తే? అయినా ప్రతిపక్షం కుర్చీలో ఉన్నప్పుడూ అంతా సాగలేదు. మొయిలీ కాలంలో నోట్ల రద్దు మీద రాసిన ముసాయిదా నివేదికను సంఘంలోని అధికార పక్ష సభ్యులు ఒప్పుకోలేదు. 31 మందిలో మెజారిటీ ఎప్పుడూ వాళ్లదే.

ఇక సిఫార్సుల విలువ. సంఘం చెప్పింది ప్రభుత్వం చేయాలని ఎక్కడా లేదు. ఏం చర్య తీసుకున్నామో ఒక జవాబు ఇస్తే సరిపోతుంది. 2024 డిసెంబరులో వ్యవసాయ స్థాయీ సంఘం మద్దతు ధరకు చట్టబద్ధత ఇవ్వమంది, పీఎం కిసాన్ ఆరు వేలను పన్నెండు వేలు చేయమంది, రైతులకు, కూలీలకు అప్పుల మాఫీ పథకం తెమ్మంది. ఆ సంఘంలో అధికార పార్టీ సభ్యులూ ఉన్నారు. ఆ నివేదిక వచ్చాక మన ఖాతాల్లో పడిన పీఎం కిసాన్ ఎంతో మీరే చూసుకోండి.

"మరి ఇట్లాంటి సంఘం గురించి మనకెందుకు, కాగితం పులి కదా" అని మన కార్యకర్తలే కొందరు అంటారు. కలెక్టరేట్ ముందు కూర్చుంటే వచ్చే ఫలితం ఢిల్లీకి ఉత్తరం రాస్తే వస్తుందా అని. కలెక్టరేట్ ముందు కూర్చోవడం మానమని మేము అనడం లేదు. కానీ కలెక్టరు చేతిలో లేనిది ఆయన్ను అడిగి ఏం లాభం? మైక్రో ఫైనాన్సు వడ్డీ ఆయన చేతిలో లేదు. అది రాష్ట్ర ప్రభుత్వం చేతిలో కూడా లేదని కోర్టే చెప్పింది. కడప కేంద్రంగా ఉన్న మన ప్రగతి గ్రామీణ బ్యాంకును 2025 మే 1 నుంచి రాష్ట్రానికంతా ఒకే గ్రామీణ బ్యాంకులో కలిపేశారు. ఆ బోర్డు మార్పు మనకు తెలిసింది బ్రాంచికి పోయినప్పుడే. ఇవన్నీ ఢిల్లీలోనే తేలుతున్నప్పుడు ఢిల్లీలో వాళ్లను అడిగే గదిని వదిలేస్తే ఎట్లా?

అదీగాక మనం లేని చోట మన గురించి ఏం మాట్లాడతారో ఒక ఉదాహరణ చెప్పాలి. 2018లో మురళీ మనోహర్ జోషి అధ్యక్షతన ఉన్న లోక్‌సభ అంచనాల సంఘం బ్యాంకుల మొండి బాకీల మీద విచారణ చేస్తూ, మాజీ గవర్నర్ రఘురామ్ రాజన్ అభిప్రాయం అడిగింది. ఆయన వివరంగా రాసి పంపారు. పెద్ద పెద్ద మోసగాళ్ల జాబితా ప్రధాని కార్యాలయానికి పంపానని చెప్పారు. అది దేశమంతా చర్చ అయింది, కావలసిందే. కానీ అదే ఉత్తరంలో, రేపటి ప్రమాదం ఎక్కడ ఉండొచ్చు అని చెబుతూ ముద్రా రుణాలతో పాటు కిసాన్ క్రెడిట్ కార్డు పేరు కూడా రాశారు. వాటిని కూడా జాగ్రత్తగా పరిశీలించాలన్నారు. రుణ మాఫీలు వద్దన్నారు. ఆయన చదువు ఆయనకుంది, నిజాయితీగానే రాశారనుకుందాం. కానీ ఆ బల్ల దగ్గర మాకు ఒక కుర్చీ ఉండి ఉంటే ఒక మాట అడిగేవాళ్లం. 2014-15 నుంచి పదేళ్లలో బ్యాంకులు 16.35 లక్షల కోట్ల రూపాయల బాకీలను పద్దుల నుంచి కొట్టేశాయని 2025 మార్చిలో ఆర్థిక మంత్రే లోక్‌సభకు చెప్పారు. పద్దు నుంచి తీసేయడం మాఫీ కాదు, వసూలు చేస్తూనే ఉంటాం అంటారు. మంచిది. మరి పత్తి చేను ఎండిపోయిన మా అప్పును కూడా అట్లా పద్దు నుంచి తీసి, మా ఇంటి ముందుకు ఎవరినీ పంపకుండా, మర్యాదగా ఉత్తరాలు రాస్తూ వసూలు చేస్తూ ఉండొచ్చు కదా?

ఇంకొకటి కూడా అడిగేవాళ్లం. బ్యాంకులు తమ అప్పుల్లో నూటికి 18 వ్యవసాయానికి ఇవ్వాలని నిబంధన. చిన్న, సన్నకారు రైతులకు నూటికి 10. లెక్కల్లో ఇది చాలాసార్లు పూర్తయినట్టే కనిపిస్తుంది. కానీ ఆ వ్యవసాయం కింద ఆహార పరిశ్రమకు ఇచ్చే వంద కోట్ల అప్పు కూడా పడుతుంది, గోదాముకు ఇచ్చేదీ పడుతుంది. నగరంలో కంపెనీకి ఇచ్చిన అప్పు మంత్రాలయం రైతు పేరు మీద లెక్క కడితే, మంత్రాలయంలో బ్యాంకు మెట్లు ఎక్కి దిగేవాడికి ఆ అంకె ఏం పనికొస్తుంది? మండలాల వారీగా, కౌలు రైతులను విడిగా చూపిస్తూ ఆ లెక్క బయటపెట్టించండి అని ఆర్థిక సంఘం ఒక్కసారి అడిగితే చాలా సంగతులు తెలుస్తాయి. ఆ అంకె బ్యాంకుల దగ్గర ఉంది. అడిగేవాళ్లు లేరు.

మన తప్పూ ఉంది. సంఘం ఏదైనా బిల్లు తీసుకున్నప్పుడు పత్రికల్లో ప్రకటన వేస్తుంది, ఎవరైనా అభిప్రాయం రాసి పంపొచ్చు, కోరితే వచ్చి చెప్పే అవకాశమూ ఇవ్వొచ్చు. గడువు మాత్రం తక్కువ, తరచుగా రెండు వారాలే. కంపెనీల సంఘాలకు ఢిల్లీలో ఆఫీసులున్నాయి, వకీళ్లున్నారు, వాళ్ల కాగితం రెండో రోజే అందుతుంది. మనం ఎన్నిసార్లు పంపాం? 2012లో ఆ బిల్లు మీద మన మండలం నుంచి ఒక్క కాగితం పోలేదు. ఒప్పుకోవాలి.

మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. డబ్బుకు, బ్యాంకులకు, బీమాకు సంబంధించిన ప్రతి బిల్లూ సంఘానికి పోవాలి, తప్పించుకునే వీలు ఉండరాదు. రిజర్వు బ్యాంకు సామాన్యుల అప్పుల మీద పెద్ద మార్పు తెచ్చినప్పుడు, 2022 మార్చిలో తెచ్చినట్టు, దాన్ని కూడా సంఘం పిలిపించి అడగాలి. ఆ మార్పు తర్వాత పల్లెల్లో వడ్డీలు ఎంత అయ్యాయి, ఒక ఇంట్లో ఎన్ని అప్పులు చేరాయి, ఎట్లా వసూలు చేస్తున్నారు అన్న మూడింటి మీద సంఘం విచారణ చేయాలి. ఆ విచారణకు సాక్షులు ఢిల్లీ, హైదరాబాద్ హోటళ్లలో దొరకరు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వచ్చి, మంగళవారం పొద్దున గ్రూపు కూర్చునే అరుగు మీద కూర్చోమనండి. తుంగభద్ర అవతల రాయచూరు పల్లెల్లో కూడా ఇదే బాధ. కర్ణాటక ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో బలవంతపు వసూళ్ల మీద ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఏటికి ఈ ఒడ్డున ఒక న్యాయం, ఆ ఒడ్డున ఒక న్యాయం ఉంటే కంపెనీకి ఒక పడవ ఖర్చే. అందుకే ఇది రాష్ట్రాల దగ్గర తేలేది కాదు.

కర్నూలు, కడప ఎంపీలను, రాయలసీమ నుంచి రాజ్యసభలో ఉన్నవాళ్లను ఒక మాట సూటిగా అడగాలి. మీరు ఏ స్థాయీ సంఘంలో ఉన్నారు? పోయిన ఏడాది ఎన్ని సమావేశాలకు పోయారు? అక్కడ ఏ ప్రశ్న అడిగారు? తిరునాళ్లలో, పెళ్లిళ్లలో, మఠం ఆరాధనోత్సవాల్లో వాళ్లు మనకు కనిపిస్తూనే ఉంటారు. ఈసారి దండం పెట్టి పక్కకు తప్పుకోకుండా ఈ ప్రశ్న వేయండి. లోపల మాట్లాడింది బయట చెప్పకూడదంటారు, నివేదిక వచ్చేదాకా అది నిజమే. హాజరయ్యారో లేదో చెప్పడానికి ఏ అడ్డూ లేదు.

ఒక హెచ్చరిక కూడా. సంఘం ఒక్కొక్కరి ఫిర్యాదు చూడదు. రోజువారీ పరిపాలన దాని పని కాదు. మీ ఒక్క అప్పు గొడవ ఉంటే ముందు బ్యాంకుకు లేదా కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వండి, నెల రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోండి. 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. రెండు లక్షల దాకా పంట రుణానికి తాకట్టు అడగరాదని 2025 జనవరి నుంచి నిబంధన. మైక్రో ఫైనాన్సు వసూలు చేసేవాడు పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేయరాదని అదే 2022 నిబంధనల్లో ఉంది. రెండు సార్లు వరసగా వసూలు చోటుకు రాకపోతే తప్ప ఇంటికి రాకూడదనీ ఉంది. చీకటి పడేదాకా ముసలమ్మ ముందు కూర్చున్న ఆ కుర్రోళ్లకు ఇది ఎవరూ చెప్పి ఉండరు. మనమే చెప్పాలి, కాగితం చూపించి చెప్పాలి.

సంఘానికి పంపే విజ్ఞాపన పత్రం తయారు చేస్తున్నాం. దానికి మీ అప్పుల లెక్క కావాలి. వచ్చే మండల సమావేశానికి ప్రతి ఊరి నుంచి ఒక్కరైనా కంతు కార్డులు, కుదువ రశీదులు, బ్యాంకు పాసుపుస్తకాలు తీసుకురండి. ఎంత ఇచ్చారు, చేతికి ఎంత వచ్చింది, ఫీజులు ఎంత పట్టుకున్నారు, ఎన్ని కంతులు, ఎంత వడ్డీ అన్నవి రాసుకుని, పేర్లు, నంబర్లు కొట్టేసి పంపుతాం. సుగ్గికి పోయినవాళ్ల కార్డులు ఇంట్లో ముసలివాళ్ల దగ్గరుంటే వాళ్లనడిగి తెండి. జిరాక్సు ఖర్చు సంఘం పెట్టుకుంటుంది.